ఒకే ఫోను నంబరుతో వచ్చిన దరఖాస్తులు

అమలాపురంలో ఒక ట్రస్టు ఆఫీసులో టైపిస్టుగా చేరాను. అదే ఆఫీసులో వెబ్‌సైట్ చూసుకునే మనిషిగా రిటైరయ్యాను. ఆ ట్రస్టుకి ఒక చిన్న ఆసుపత్రి, ఒక నర్సింగ్ స్కూలు, రెండు బడులు ఉన్నాయి. వాటన్నిటికీ జనం దగ్గర్నుంచి వివరాలు తీసుకునే ఫారాలు తయారుచేసి, వెబ్‌సైట్‌లో పెట్టడం చివరి పదిపన్నెండేళ్ళు నా పని.

ఈమధ్య మా చర్చికి వచ్చే ఒకమ్మాయి కంప్యూటర్ డిగ్రీ పూర్తిచేసి, ఒక కాలేజీలో ఇదే పనిలో చేరుతూ నన్ను పలకరించింది. "ఫారాలంటే ఏముందాంటీ, ఫ్రీగా వచ్చేస్తాయి కదండీ" అంది. నాకు ఒళ్ళు మండింది. ఆ అమ్మాయి మీద కాదు, ఆ మాట మీద. ఇన్నేళ్ళూ నా పైవాళ్ళందరూ అన్న మాట అదే. ఆ పిల్లకి వాకిట్లో నిలబడి చెప్పలేకపోయినదంతా ఇక్కడ రాస్తున్నాను. నా ఇంక్రిమెంట్లూ, నాకు కప్పిన శాలువాలూ ఇందులో ఉండవు. వాటివల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

పుణ్యానికి వచ్చేది

ముందు పనేమిటో చెప్పేస్తాను. పైసా తీసుకోకుండా ఫారం చేసుకోనిచ్చే చోట్లు ఇంటర్నెట్‌లో బోలెడున్నాయి. ప్రశ్న టైపు చేస్తారు. జవాబు రాయాలా, ఇచ్చినవాటిలోంచి ఎంచుకోవాలా అన్నది మీరే పెడతారు. అంతా అయ్యాక అది ఒక చిన్న కోడ్ ఇస్తుంది. ఆ కోడ్ కాపీ చేసి మీ వెబ్‌సైట్ పేజీలో అతికిస్తే, ఫారం అక్కడ ప్రత్యక్షమవుతుంది. జనం నింపింది నింపినట్టు ఒక షీట్‌లో వరసగా వచ్చి చేరుతుంది. ఒక పూట పని. పొయ్యిమీద పప్పు పెట్టుకుని కూడా చేసుకోవచ్చు.

పుణ్యానికి వస్తుంది కాబట్టి దాని గురించి ఎవరూ ఒక్క నిమిషం ఆలోచించరు. నా కోపమంతా అక్కడే. కాగితం ఫారాలు అచ్చువేయించే రోజుల్లో, ట్రస్టు వ్యవహారాలన్నీ చూసే మా కరస్పాండెంటు గారు ప్రూఫు మళ్ళీ మళ్ళీ చూసేవారు. ఒక గడి ఎక్కువైతే కాగితం ఎక్కువవుతుందని కొట్టేసేవారు. అదే మనిషి, ఫారం ఆన్‌లైన్‌కి వచ్చాక, కారెక్కుతూ ఫోన్లో చెప్పేవారు. "ఇదీ అడగండి, అదీ అడగండి, ఉంటే పోయిందేముందండీ" అనేవారు.

పోయేది ఉంటుంది. కాగితం ఫారంలో గడి తనకి సరిపోకపోతే మనిషి పక్కన రాసేవాడు. "నాన్నగారు లేరు, మేనమామ చూస్తున్నారు" అని అంచున రాసిచ్చిన కాగితాలు నేనే ఎన్నో తీసుకున్నాను. కంప్యూటర్ ఫారానికి అంచు లేదు. గడిలో పట్టనివాడు బయటే ఉండిపోతాడు, ఉండిపోయినట్టు మనకి తెలియను కూడా తెలియదు. అందుకే ఈ పనిలో నేర్చుకోవలసింది కోడ్ అతికించడం కాదు. ఏది అడగాలో, ఏది అడగకూడదో తేల్చుకోవడం, తేల్చుకున్నాక పైవాళ్ళతో పోట్లాడటం.

ఎర్ర చుక్క

ప్రశ్న పక్కన చిన్న ఎర్ర చుక్క పెడితే, దానికి జవాబు ఇవ్వందే ఫారం ముందుకు కదలదు. దరిద్రం అంతా ఆ చుక్కలోనే ఉంది. అధికారం ఉన్న ప్రతివాడికీ ఆ చుక్క మహా ఇష్టం.

ఆసుపత్రికి ముందుగా పేరు రాయించుకునే ఫారం పెట్టినప్పుడు, మెయిల్ అడ్రసుకి చుక్క పెట్టమన్నారు కరస్పాండెంటు గారు. మోకాళ్ళ నొప్పులతో వచ్చే ముసలివాళ్ళకి మెయిల్ ఎందుకండీ అన్నాను. "డేటా ఉండాలండి రత్నం గారూ, రేపు పనికొస్తుంది" అన్నారు. పెట్టాను. కొన్నాళ్ళు పోయాక షీట్ తీసి చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒకరు మెయిల్ గడిలో ఊరి పేరు రాసి వెనకాల మెయిల్ తోక తగిలించారు. ఒకరు మా ఆసుపత్రి మెయిలే రాసేశారు. ఇంకొకాయన డాక్టరు గారి పేరుతో ఒక మెయిల్ పుట్టించారు. నేను ఆ షీట్ పట్టుకెళ్ళి చూపిస్తే, కరస్పాండెంటు గారు పైనుంచి కిందికి చూసి సంబరపడిపోయారు. "చూసేరా, అందరూ ఇచ్చేరు. మీరేమో ఇవ్వరన్నారు."

లేనిదాన్ని తప్పనిసరి చేస్తే జనం అబద్ధం చెబుతారు. ఆ అబద్ధం వాళ్ళది కాదు, మనం చెప్పించింది. ఈ మాట ఆయనకి నేను చాలా మర్యాదగా చెప్పాను. ఆయ్, అన్నారు. చుక్క మాత్రం తీయనివ్వలేదు.

పెద్ద తెర మీద చూసి మురిసిపోవడం

కోడ్ అతికించాక పైవాళ్ళు తమ గదిలో ఉన్న పెద్ద తెర మీద చూస్తారు. అక్కడ బ్రహ్మాండంగా ఉంటుంది. జనం చూసేది అరచేతిలో పట్టే ఫోన్లో, అదీ అద్దం పగిలిన ఫోన్లో. ఆ ఫారానికి మనం ఇచ్చిన చట్రం పొడవు చాలకపోతే అడుగున ఉండే 'పంపండి' అన్న మీట కనిపించదు. మనిషి అన్నీ నింపి, ఎక్కడ నొక్కాలో తెలియక, అయిపోయిందనుకుని ఫోను జేబులో పెట్టేసుకుంటాడు. ఫారం రాదు. మనం షీట్ చూసి "స్పందన లేదు" అంటాం.

అందుకని కొత్త ఫారం పెట్టిన ప్రతిసారీ నేను బస్టాండు దగ్గర సోడా కొట్టు ఆవిడ దగ్గరికి వెళ్ళి, ఆవిడ ఫోన్లో తెరిపించేదాన్ని. ఆవిడ విసుక్కునేది. "మీకు వేరే పనేం లేదాండీ" అనేది, బేరం చూసుకుంటూనే. ఆవిడ వేలికి మీట అందితే మా ఫారం బాగున్నట్టు. ఆఫీసులో ఇది తెలిసి నవ్వుకున్నారు. నవ్వుకోనీ. చదువుకున్నవాళ్ళకి ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఫారం పంపాక వచ్చే ముక్కని ఎవరూ మార్చరు, ఇంగ్లీషులో దానంతటదే వచ్చేది వదిలేస్తారు. నేను తెలుగులో పెట్టేదాన్ని: "మీ వివరాలు మాకు అందాయి. దీనికోసం మీరు మళ్ళీ రానక్కర్లేదు." ఆ రెండు వాక్యాలు పెట్టాక ఆసుపత్రి గేటు దగ్గర "అందిందాండీ" అని అడగడానికి వచ్చేవాళ్ళు బాగా తగ్గారు. నా ఉద్యోగం మొత్తంలో నేను గొప్పగా చెప్పుకునే పని ఏదైనా ఉంటే అదే.

పడవ కుటుంబాల సీట్లు

ఇక నేను ఇది రాయడానికి అసలు కారణమైన సంగతి. నేను రిటైరవ్వడానికి కొద్ది నెలల ముందు జరిగింది.

మా నర్సింగ్ స్కూల్లో కొన్ని సీట్లు సముద్రపు ఊళ్ళలో పడవల మీదా, వేట మీదా బతికే కుటుంబాల ఆడపిల్లలకి ఉచితంగా ఇవ్వాలని ఒక దాత డబ్బు కట్టారు. దరఖాస్తు ఆన్‌లైన్లోనే అన్నారు. ఫారం నేనే చేశాను. మొబైల్ నంబరుకీ మెయిల్‌కీ చుక్క వద్దని మొత్తుకున్నాను. ఎప్పటిలాగే చుక్క పడింది.

అల్లవరం అవతల సముద్రపు ఊళ్ళలో ఫోను సంగతి ఎలా ఉంటుందో తెలియాలి. ఇంటికి ఒక ఫోను ఉంటుంది. అది మగవాడితో పడవెక్కి వెళుతుంది. వేటలో తడిసి పాడైతే కొత్తది కొన్నప్పుడు నంబరు మారుతుంది. అందుకని ఆ ఊళ్ళవాళ్ళు ఏ దరఖాస్తు పెట్టినా అల్లవరంలో సూరిబాబు నెట్ సెంటరుకి వెళతారు. సూరిబాబు తన నంబరు, తన మెయిల్ వేసి పంపుతాడు. జవాబు అతనికి వస్తుంది. ఊరివాళ్ళు చేపలమ్ముకోవడానికి అటు వచ్చినప్పుడు "ఫలానా వారి అమ్మాయికి కబురొచ్చిందని చెప్పండి" అంటాడు. కబురు సాయంత్రానికి ఇల్లు చేరుతుంది. సూరిబాబు దేవుడేం కాదు. నోరు మంచిది కాదు, తొందర ఎక్కువ, రేషన్ కార్డు దగ్గర్నుంచి అన్నిటికీ తన రుసుము తాను తీసుకుంటాడు. కానీ ఆ ఊళ్ళకి కబురు చేరే దారి అదే.

ఈ సీట్ల కబురు వినగానే ఒక ఊరి పిల్లలందరూ అతని కొట్టుకి వచ్చారు. అతనికి తీరిక లేదు. వాళ్ళలో దుర్గాభవాని అనే అమ్మాయికి టైపు చెయ్యడం వచ్చు. "నువ్వు కూచుని కొట్టెయ్యమ్మా, నంబరు నాది వేసెయ్" అన్నాడు. ఆ అమ్మాయి తనదీ, తన వీధి పిల్లలందరిదీ శ్రద్ధగా నింపి పంపింది. అన్నిటిలోనూ సూరిబాబు నంబరు, సూరిబాబు మెయిల్.

ఆ మధ్యనే మా కరస్పాండెంటు గారు రాజమండ్రి నుంచి కిరణ్ అనే కన్సల్టెంటుని పెట్టుకున్నారు. వెబ్‌సైట్ తాళాలు అతనికీ ఇచ్చారు. గడువు అయ్యాక అతను షీట్ తెరిచాడు. ఒకే నంబరు, ఒకే మెయిల్ వరసపెట్టి కనిపించేసరికి, ఎవడో ఆకతాయి పని అనుకున్నాడు. ఒకేలా ఉన్నవాటిని ఏరిపారేసే మీట ఒకటుంటుంది. అది నొక్కాడు. ఆ ఊరి నుంచి మొదట వచ్చిన ఒక్క దరఖాస్తు మిగిలింది. ఎవరినీ అడగలేదు. ఒక్క ఫోను చేసి చూడలేదు. ఆ నంబరుకి ఫోను చేసుంటే సూరిబాబు తన నోటితోనే జవాబు చెప్పేవాడు.

బోర్డువాళ్ళు కూర్చున్నారు. చాలినంతమంది అర్హులు దొరకలేదు కాబట్టి ఆ సీట్లలో కొన్ని మామూలుగా ఫీజు కట్టేవాళ్ళకి ఇవ్వొచ్చని తీర్మానం చేసుకుని, వెంటనే ఇచ్చేశారు. కిరణ్ రాజమండ్రిలో కూర్చునే మా వెబ్‌సైట్‌లో ఒక ప్రకటన పెట్టాడు: "తీరప్రాంత సీట్లకు సరైన దరఖాస్తులు రాలేదు." నాకు ఇదేదీ తెలియదు.

సత్యవతి వచ్చిన పొద్దున

రెండు రోజులు పోయాక నేను ఆఫీసు తలుపు తీసేసరికి మెట్ల మీద ఒకావిడ కూర్చుని ఉంది. చేపల తట్ట గేటు బయటే పెట్టి, చెంగుతో చేతులు తుడుచుకుంటూ లేచింది. భవాని తల్లి సత్యవతి. పక్కన గోడనానుకుని భవాని.

"కంప్యూటరు మేడంగారు మీరేనాండి" అంది.

"నేనేనండి. చెప్పండి."

"సూరిబాబు మీ దాంట్లో చదివేడండి. సరైనయ్యి రాలేదని రాసేరంట. మా వీధి పిల్లలందరివీ మా పిల్లే రాసిందండి. ఇప్పుడందరూ దీని మీద పడ్డారు. నువ్వు తప్పు రాసి మా పిల్లల సీట్లు పోగొట్టేవని. పొద్దున్న పంపు కాడ నీళ్ళు కూడా పట్టుకోనివ్వలేదండి." ఆవిడ కూతురి వైపు చూసింది. "వాళ్ళ నాన్న దీంతో మాటాడ్డం మానేసేడండి. పడవ కాడ తలెత్తుకోలేపోతన్నానంటాడు. తప్పు రాసిందో లేదో చూసి చెప్పండి. అంతేనండి నేనడిగేది."

నేను షీట్ తెరిచాను. ఆ ఊరిది ఒకే ఒక్క వరస ఉంది. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు గుర్తుపెట్టుకోవలసిన ముక్క ఒకటి చెబుతాను. షీట్‌లోంచి వరసలు తీసేసినా, ఫారం లోపల జవాబులు అలాగే ఉంటాయి. ఫారం తెరిచాను. అన్నీ ఉన్నాయి. పేర్లు, ఇంటర్ మార్కులు, పుట్టిన తేదీలు, అన్నీ. ఆ అమ్మాయి నింపినవాటిలో తప్పు కాదు కదా, ఒక చుక్క తేడా లేదు.

"భవానీ, ఇటు రామ్మా" అన్నాను. వచ్చి తెర వైపు చూసింది. తన వీధి పిల్లల పేర్లు తనే రాసినవి చూసుకుంది. "నేను పంపేనండి మేడం" అంది, ఇంకా ఎవరో నమ్మరన్నట్టు. ఏం తప్పు చేసిందని ఆ పిల్ల అలా సంజాయిషీ చెప్పుకోవాలి. నాకు కడుపు మండిపోయింది. ఆ మంట ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు.

కరస్పాండెంటు గారి గదిలో

అన్ని దరఖాస్తులూ ప్రింటు తీసి ఆయన బల్ల మీద పెట్టాను.

"రత్నం గారూ, ముందు కూర్చోండి" అన్నారాయన.

"నిలబడే చెబుతానండి. వీళ్ళందరూ నిజమైన పిల్లలండి."

"ఒకే నంబరుతో అన్నొస్తే ఏవనుకోమంటారండీ. ఎవడో బ్రోకరు కూర్చుని నింపేడు."

"బ్రోకరు కాదండి, నెట్ సెంటరు. ఆ ఊళ్ళలో అందరికీ అతని నంబరేనండి. మెయిల్‌కి చుక్క పెట్టమన్నది మీరే. ఆ పిల్లలకి మెయిల్ ఎక్కణ్ణుంచి వస్తుందండీ."

ఆయన కాగితాలు తిరగేయలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సొంతంగా ఫోనూ మెయిలూ కూడా లేనివాళ్ళు నర్సులేం అవుతారండీ" అన్నారు.

నేను ఆ గదిలో చాలా మాటలు విన్నాను. అంత అన్యాయమైన మాట వినలేదు. మా అమ్మ పొలం కూలీ. నన్ను చదివించిన మిషన్ బడి వాళ్ళు నీకు గడియారం ఉందా అని అడక్కుండానే చేర్చుకున్నారు. ఈ మాట ఆయనకి చెప్పానా అంటే, చెప్పాను. ఆయన మొహం చిట్లించుకుని, బోర్డు తీర్మానం అయిపోయిందనీ, ఇప్పుడు కదిపితే పరువు పోతుందనీ అన్నారు.

ఎవరి పరువండీ అని నేను అడగలేదు. వేరే మాట అన్నాను. "దాత గారికి వివరాలు పంపేది నేనేనండి. దరఖాస్తులు ఎన్ని వచ్చాయని ఆయన అడుగుతారు. నేను ఉన్నదే రాస్తాను."

అప్పుడు కళ్ళజోడు పెట్టుకున్నారు. కాగితాలు ముందుకు లాక్కున్నారు. కాసేపటికి, "రమ్మనండి చూద్దాం, అందరికీ ఫోన్లు చెయ్యాలంటే ఎన్ని రోజులు పడుతుందో" అన్నారు.

ఒక్క ఫోను చేశాను. సూరిబాబు ఎత్తాడు.

మా అందరిదీనండి

మర్నాడు ఆ పిల్లలందరూ తల్లులతో సహా ఆటోల్లో దిగారు. సూరిబాబు కూడా కొట్టు మూసుకుని వచ్చాడు. వచ్చీ రాగానే నన్ను పట్టుకుని, తన కొట్టు ముందు జనం చేసిన గొడవ గురించి అరిచాడు. అతని కోపం న్యాయమే. నాలుగు తిట్లు తిన్నాను.

కరస్పాండెంటు గారు హాల్లో బల్ల వేసుకుని కూర్చున్నారు. పేరు, మార్కులు, ఆ తర్వాత ఫోను నంబరు అడుగుతున్నారు. నంబరు అడగవలసిన పనిలేదు. అబద్ధం పట్టుకుందామనే అడిగారని నా నమ్మకం. మొదటి పిల్ల సూరిబాబు నంబరు చెప్పింది. రెండో పిల్ల అదే చెప్పింది. ఆ తర్వాత పిల్లా అదే. తడబాటు లేదు, బెదురు లేదు. కొంతసేపటికి ఆ నంబరు ఆయనకే నోటికొచ్చేసింది.

"ఇదెవరి నంబరమ్మా" అని ఒక పిల్లని అడిగారు.

"మాదేనండి."

"మీదంటే?"

"మా అందరిదీనండి" అంది ఆ పిల్ల. అందులో అడగడానికేముందో దానికి అర్థం కాలేదు.

హాలు వెనక నిలబడ్డ తల్లులకీ అర్థం కాలేదు. ఆయన ఇక నంబరు అడగడం మానేశారు.

ఇక్కడితో అంతా సుఖంగా అయిపోయిందని రాయడానికి నాకు చెయ్యి రాదు. ఫీజు కట్టేవాళ్ళకి ఇచ్చేసిన సీట్లు వెనక్కి తీసుకోలేమన్నారు. మిగిలినవాటిని మార్కుల వరసన ఇచ్చారు. భవాని పేరు దగ్గరికి వచ్చేసరికి సీట్లు అయిపోయాయి. ఇచ్చేసిన సీట్లు ఇవ్వకుండా ఉంటే ఆ అమ్మాయికి వచ్చేది. తను కూర్చుని దరఖాస్తు నింపిన పిల్లలు చేరారు, తను చేరలేదు. తర్వాతి ఏడు భవాని మళ్ళీ పెట్టుకుంది, సీటు వచ్చింది, ఇప్పుడు చదువుతోంది. ఈ సంగతి చెప్పగానే వినేవాళ్ళు "పోనీలెండి, చివరికి వచ్చింది కదా" అంటారు. ఏం పోనీ. ఆ ఏడాదంతా ఆ పిల్ల రొయ్యల షెడ్డులో తలలు గిల్లింది. కిరణ్‌కి ఆ ఏడాది జీతం తగ్గిందా, కరస్పాండెంటు గారికి ఒక పూట భోజనం తప్పిందా. మీట నొక్కినవాడికి ఏమీ కాదు. ఈ ఉద్యోగంలో చేరేవాళ్ళు ముందు తెలుసుకోవలసింది అదే, మన తప్పుకి శిక్ష మనకి పడదని. పడదు కాబట్టే మనం వెయ్యింతలు జాగ్రత్తగా ఉండాలి.

తర్వాతి ఏటి ఫారంలో ఎవరి నంబరు వాళ్ళే వెయ్యాలని ఇంకో చుక్క పెట్టమన్నారు కరస్పాండెంటు గారు. అప్పటికి నా ఉద్యోగం వారాల్లో పడింది. నేను ఆ గడి తీసేసి, దాని బదులు ఈ ప్రశ్న పెట్టాను: "మీకు కబురు ఎవరి ద్వారా పంపమంటారు?" చుక్క లేకుండా. నేను వెళ్ళిపోయాక కూడా అది అలాగే ఉందని విన్నాను. బహుశా ఎవరూ చూసి ఉండరు.

ఆ చోటే రాయండి

ఆ రోజు హాల్లో పని అయ్యాక పిల్లలందరూ ఆటోలెక్కారు. సత్యవతి, భవాని మాత్రం నా గది ముందు నిలబడ్డారు. సీటు రాలేదని ఏమైనా అంటుందేమో, అనడం న్యాయమే అనుకుంటూ బయటికి వచ్చాను.

"సీటు సంగతి తర్వాత చూసుకుంటామండి" అంది సత్యవతి. "వీళ్ళొచ్చి నోటితో చెప్పినా ఊళ్ళో సగం మంది నమ్మరు. సరైనయ్యి రాలేదని మీరెక్కడ రాసేరో, ఆ చోటే రాయండి. మా పిల్ల తప్పు రాయలేదని."

నేను కుర్చీలో కూర్చుని, కిరణ్ పెట్టిన ప్రకటన తీసేసి, అదే చోట ఇది రాశాను: "తీరప్రాంత సీట్లకు సరైన దరఖాస్తులు రాలేదన్న మా ప్రకటన తప్పు. దరఖాస్తులు సక్రమంగా వచ్చాయి. వాటిని తొలగించడం మా ఆఫీసు చేసిన పొరపాటు." ఎవరి అనుమతీ అడగలేదు. మర్నాడు మధ్యాహ్నానికల్లా దాన్ని తీయించేశారు, నాకు మెమో ఇచ్చారు. మెమో చదివి సొరుగులో పడేశాను. అప్పటికే సూరిబాబు దాన్ని ప్రింటు తీసి కొట్టు తలుపుకి అంటించేశాడు.

సత్యవతికి తెర మీద చూపించాను. ఆవిడకి చదువు రాదు. భవాని చదివి వినిపించబోతే వద్దంది. "నువ్వు చదివితే నువ్వే కల్పించేవంటారు. మేడంగారూ, ఈళ్ళ నాన్నకి మీరు చదవండి. ఇప్పుడు ఒడ్డునే ఉంటాడు."

వాళ్ళ ఫోను అతని దగ్గరే ఉంది కాబట్టి నా ఫోను నుంచే కలిపాను. వెనకాల ఇంజను చప్పుడు, ఎవరో వలలు లాగమని కేకలు. నేనెవరో చెప్పాను. రాసినది చదివాను.

"ఇంకోసారి చదవండి" అన్నాడు.

ఇంకోసారి చదివాను.

"అంటే మా పిల్ల తప్పేం లేదంటారాండి."

"లేదండి. తప్పు మాదండి. మీ అమ్మాయి ఒక్క అక్షరం తప్పు రాయలేదు."

"అది ఉందాండి అక్కడ?"

ఉందని చెప్పి, ఫోను భవాని చేతికిచ్చాను. చెవి దగ్గర పెట్టుకుంది. సత్యవతి దాని భుజం తట్టింది. అతని గొంతు పెద్దది, మాట నాక్కూడా వినబడింది.

"అన్నం తిన్నావా?" అన్నాడు.

ఆ అమ్మాయి గోడ వైపు తిరిగి, "ఇంకా లేదు నాన్నా" అంది.